ఒకే నేల, అన్ని కాలాలు: పాలమూరు కాలనీ పార్కు పని డైరీ

పాలమూరు (మహబూబ్‌నగర్) పట్నంలో మా కాలనీ పార్కును వేసవిలో ఖోఖోకు, వానాకాలం చివర బతుకమ్మకు పనికొచ్చేలా చేసిన పని వివరాలివి. 2025 ఏప్రిల్‌లో మొదలుపెట్టాం. కొలతలు, ఖర్చులు, చెడిపోయినవి, మార్చినవి ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. మీ దగ్గర ఇలాంటి ఖాళీ జాగా ఉంటే కొలతలు నేరుగా వాడుకోండి. ధరలు మాత్రం మాకు పడినవి, మీ ఊళ్లో కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

పని నడిచేకొద్దీ మాకు ఒక కొలబద్ద దొరికింది: ఒక కాలానికి పెట్టింది ఇంకో కాలానికి అడ్డం రాకూడదు. దీనికి నిలవనిది ఏదైనా పీకేశాం.

మొదటి దశ: నేల (ఏప్రిల్)

జాగా 38 మీటర్లు పొడవు, 26 మీటర్లు వెడల్పు. పడమర పక్క వేపచెట్ల వరుస, ఒక మూల బోరు, ఇంకో మూల కూర్చునే సిమెంటు బల్లలు.

ఖోఖో కోర్టు 27 × 16 మీటర్లు. చుట్టూ మీటరున్నర ఖాళీ కలిపితే 30 × 19 కావాలి. పొడవును ఉత్తర దక్షిణాలుగా పెట్టాం. తూర్పు పడమరగా 26 మీటర్లే ఉంది, పట్టదు. పట్టినా సాయంత్రం పడమర వైపు పరిగెత్తే పిల్లలకు ఎండ సూటిగా కళ్లలో కొట్టేది. దక్షిణపు చివర మిగిలిన ముక్కను బతుకమ్మలను నీళ్లలో వదిలే తొట్టికి అప్పుడే వదిలేశాం.

గీతలు వేసిన పద్ధతి:

1. ఒక మూల మేకు కొట్టి, ఒక వైపు 27, ఇంకో వైపు 16 మీటర్లకు తాడు లాగాలి.
2. మూల నుంచి ఎదురు మూలకు కొలిస్తే 31 మీటర్ల 38 సెంటీమీటర్లు రావాలి. రెండు వైపులా అదే వస్తేనే మూలమట్టం సరిగ్గా ఉన్నట్టు.
3. నడిమి గీత అంచుల కన్నా 8 సెంటీమీటర్లు ఎత్తుండాలి, వాన నీళ్లు రెండు పక్కలకు జారిపోవడానికి. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతోనే లెవల్ చూశాం.

మొదట మామూలు మొరం పోయించి రోలర్ తిప్పించాం. చూడ్డానికి బాగుంది, ఆడడానికి కాదు. మొరంలోని గులకరాళ్లు రోలర్ కింద కూరుకుపోయినట్టే కనబడి, పిల్లలు పరిగెత్తడం మొదలుపెట్టగానే పైకి తేలాయి. ఖోఖోలో కూర్చున్నవాళ్లు ఒక్క ఉదుటున లేస్తారు, పట్టేవాళ్లు ముందుకు దూకుతారు. మోకాళ్లు, అరచేతులు చెక్కుకుపోయాయి. పై పొర గీకి తీసేసి, పావు అంగుళం జాలీలో జల్లించిన ఎర్ర చల్క మట్టి పరిచాం.

మట్టి లెక్క: 432 చదరపు మీటర్ల కోర్టుకు 5 సెంటీమీటర్ల మందం వేస్తే 21.6 ఘనపు మీటర్లు. ట్రాక్టర్ ట్రాలీకి 100 ఘనపుటడుగులు, అంటే సుమారు 2.8 ఘనపు మీటర్లు. ఎనిమిది ట్రాలీలు పట్టాయి. దిమ్మిస పడ్డాక మందం 4 సెంటీమీటర్లకు దిగింది, ఆటకు అది చాలు.

తడపడం దగ్గర ఇంకో చిక్కు. ట్యాంకర్ పైపుతో ఒకేసారి తడిపితే పైన బురద అయి, మర్నాటికి పెచ్చులు లేచింది. మా వీధి చివర ఒక పెద్దాయన ఉన్నాడు. వయసులో ఉన్నప్పుడు పాలమూరు లేబర్‌తో కలిసి ఎక్కడెక్కడి డ్యాముల మీదనో మట్టిపని చేసి వచ్చినవాడు. వచ్చి, మట్టిని పిడికిట్లో పిసికి చూసి చెప్పాడు: "ఒక్కపారే గుమ్మరిస్తే పైన బురదైతది, లోపల పొడిగనే ఉంటది బిడ్డా. రాత్రి సల్లగ సల్లి ఇడ్సిపెట్టు. పొద్దుగాల ముద్ద పట్టుకుంటే నిలవాలె, చెయ్యికి అంటొద్దు. అప్పుడు దిమ్మిస కొట్టు." అలాగే మూడు విడతలుగా చేశాం. ఆ నేల ఇప్పటికీ పెచ్చు లేవలేదు. డబ్బు పెట్టి తెచ్చిన రోలర్ కన్నా ఆ పిడికిలి పరీక్షే మాకు ఎక్కువ పనికొచ్చింది.

గీతలకు సున్నం వాడకండి. చెమట మీద మండుతుంది, కళ్లలో పడితే ప్రమాదం. ముగ్గుపిండి చాలు.

ఖర్చు: మొరం 3,600, జేసీబీ 2,600, ఎర్రమట్టి 8,800, జల్లెడ కూలి 4,000, రోలర్ అద్దె 1,000, తాడు, టేపు, పిండి 1,000.
ఇప్పటిదాకా మొత్తం: 21,000 రూపాయలు.

రెండో దశ: స్తంభాలు (ఏప్రిల్, మే)

ఖోఖో స్తంభం నేల మీద 120 సెంటీమీటర్ల ఎత్తు, 9 నుంచి 10 సెంటీమీటర్ల మందం, అంచుల్లేకుండా నున్నగా ఉండాలి. తుమ్మ కట్టెలు చిత్రిక పట్టించి పాతాం. మే చివరికి అడుగున మట్టి గీతలు పైకి పాకాయి. గోటితో గీరితే లోపల అంతా డొల్ల. మా పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రికి చెదలు పట్టి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించిన ఊరు మాది, చెద ఏం చేయగలదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కానీ పిల్లలు చేతులతో పట్టుకుని తిరిగే కట్టెకు చెదల మందు పూయడానికి మాకు మనసొప్పలేదు. పీకేశాం.

బదులుగా 90 మిల్లీమీటర్ల పీవీసీ పైపు తెచ్చాం. బయటి మందం సరిగ్గా 9 సెంటీమీటర్లు, కావలసిన నున్నదనం ఎలాగూ ఉంది. 20 అడుగుల పైపులో మీటరు ఎనభై సెంటీమీటర్ల ముక్కలు రెండు కోసి, లోపల ఒక ఇనుప రాడ్డు నిలబెట్టి, కాంక్రీటు నింపాం. 120 పైకి, 60 నేలలోకి.

పాతడానికి గుంట తీస్తుంటే బల్ల మీద కూర్చున్న ఒక అక్క అడిగింది: "ఇవి ఇట్లనే పాతిపెడితే రేపు బతుకమ్మ ఎట్ల ఆడాలె? నడుమ కట్టెలు పెట్టుకుని తిరుగుమంటరా?" పని అక్కడే ఆపాం. బతుకమ్మల చుట్టూ తిరిగే వలయానికి 15 మీటర్ల వెడల్పు కావాలి, అంత ఖాళీ ఉన్నది ఈ కోర్టు మీదే. చివరికి చేసినది ఇది:

1. 110 మిల్లీమీటర్ల పైపు 60 సెంటీమీటర్ల ముక్కను నేలకు సమానంగా కాంక్రీటులో పాతాలి. అడుగున గుప్పెడు కంకర వేస్తే నీళ్లు నిలవవు.
2. స్తంభాన్ని అందులోకి దింపాలి. బరువు సుమారు 27 కిలోలు, ఇద్దరు ఎత్తగలరు.
3. రెండు పైపుల మధ్య సందులో స్తంభం ఊగుతుంది. సన్న ఇసుక పోసి చూశాం, రెండు ఆటలకే మళ్లీ వదులైంది. నాలుగు వైపులా చెక్క చీలికలు బిగించాక కదల్లేదు.
4. తీసినప్పుడు ఆ రంధ్రానికి మూత తప్పకుండా పెట్టాలి. మూత లేకపోతే కాలు దిగి మడమ విరుగుతుంది.

ఖర్చు: తుమ్మ కట్టెలు 950, పైపులు 1,750, సిమెంటు, కంకర, రాడ్డు 1,450.
ఇప్పటిదాకా: 25,150.

మూడో దశ: ఎండ, వేళలు (మే)

2025లో బడి సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు. పిల్లలకు ఖోఖో మీద మోజు కూడా ఉంది. ఆ జనవరిలోనే ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్‌లో మన ఆడపిల్లల జట్టు, మగపిల్లల జట్టు రెండూ గెలిచాయి. అందుకే పిల్లలను పోగుచేయడం కష్టం కాలేదు. వచ్చినవాళ్లను ఎండకు అప్పజెప్పకుండా చూడడమే పెద్ద పని.

సాయంత్రం నాలుగున్నర అని మొదట ప్రకటించాం. ఆ వేళకు నేల ఎంత కాలుతోందో చూడడానికి కరోనా రోజుల నాటి గన్ థర్మామీటర్ వాడాం. వస్తువుల వేడి చూపే మీట చాలావాటికి ఉంటుంది, ఒంటి జ్వరం మీట మీద పెడితే ఈ వేడి చూపదు. ఒక మే నెల సాయంత్రం వచ్చిన అంకెలు:

- నాలుగున్నరకు ఎండలో ఉన్న నేల: 52 డిగ్రీలు
- అదే వేళకు వేపచెట్టు కింద: 38
- తడిపిన అరగంటకు ఎండ నేల: 41
- ఆరుంపావుకు, వేపల నీడ పడ్డాక: 36

దీంతో వేళలు మార్చాం. పొద్దున ఐదుముప్పావు నుంచి ఏడుంపావు, సాయంత్రం ఆరింటి నుంచి ఏడున్నర. నాలుగున్నరకు పట్టుమని పదిమంది రాని చోట పొద్దున ఆటకే నలభై మంది దాకా వచ్చారు. ఆడపిల్లల్లో ఎక్కువమంది పొద్దున ఆటకే వచ్చారు. సాయంత్రం చీకటి పడేలోపు ఇంట్లో ఉండాలని తల్లులు ఒత్తిడి పెట్టేవాళ్లు, ఆ టెన్షన్ లైట్లు వచ్చాక కొంత తగ్గింది.

కోర్టు మీద గ్రీన్ నెట్ కట్టాలని కొన్నాం. కోర్టు అంతటికీ కట్టాలంటే గుంజలు కావాలి, గుంజలు ఆటకు అడ్డం, గాలి దుమారానికి నెట్ చిరుగుతుంది. దాన్ని మడిచి, తమ వంతు కోసం కూర్చునే పిల్లలకు, రంజన్లకు (మంచినీళ్ల మట్టికుండలకు) నీడగా బల్లల మీద కట్టాం.

మంచినీళ్లకు మూడు రంజన్లు, చుట్టూ తడి గోనె. ఫ్రిజ్ నీళ్ల సీసాలు తేవద్దని చెప్పాం. ఒక రోజు ఉప్పు వేసిన నిమ్మరసం, ఒక రోజు మజ్జిగ, అక్కలు ఓపిక చేసిన రోజు జొన్న అంబలి. తొమ్మిది నిమిషాల ఆటను చిన్నపిల్లలకు ఐదు నిమిషాలకు కుదించి, ప్రతి ఆటకూ నడుమ నీళ్లు తాగాకే మళ్లీ దిగాలని కట్టడి పెట్టాం. ఒక పిల్లవాడికి కళ్లు తిరిగింది. నీడలో పడుకోబెట్టి, తడిబట్టతో తుడిచి, ఓఆర్ఎస్ తాగించి ఇంటికి పంపాం. పొద్దుట్నుంచి ఏమీ తినకుండా వచ్చాడని తర్వాత తెలిసింది. అప్పట్నుంచి దిగే ముందు ప్రతి ఒక్కరినీ "ఏం తిన్నవ్ రా?" అని అడగడం ఒక పెద్దమ్మకు అప్పజెప్పాం. ఆమె అడిగితే ఎవరూ అబద్ధం చెప్పరు.

ఖర్చు: నెట్ 1,800, రంజన్లు 1,050, నిమ్మ, మజ్జిగ వగైరా 3,400, దెబ్బల మందుల డబ్బా 650.
ఇప్పటిదాకా: 32,050.

నాలుగో దశ: లైట్లు (మే చివర)

50 వాట్ల ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు నాలుగు. మొదట కోర్టు రెండు చివర్ల రెండేసి పెట్టించాం. పరిగెత్తేవాడు స్తంభం వైపు తిరిగిన ప్రతిసారీ వెలుగు నేరుగా కళ్లలో పడింది, ఇద్దరు గుద్దుకున్నారు. పొడవు పక్కలకు, పక్కకు రెండు చొప్పున, 20 అడుగుల ఎత్తుకు మార్చి, మూతి కిందికి వంచాక సరిపోయింది. రెండు పక్కలకు వేర్వేరు స్విచ్చులు పెట్టించండి. ఆ సంగతి బతుకమ్మ రోజున పనికొచ్చింది, కింద రాస్తాను. వైరు కోర్టు బయట నుంచి పైపులో పోవాలి, ట్రిప్ అయ్యే స్విచ్చు తప్పనిసరి, పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే.

ఖర్చు: లైట్లు 3,800, వైరు 2,600, బోర్డు, కూలి 2,500, గుంజల పైపులు 2,450.
ఇప్పటిదాకా: 43,400.

ఐదో దశ: వానలు (జూన్ నుంచి ఆగస్టు)

తొలకరికి లైట్ల చుట్టూ ఉసిళ్లు దిగాయి. ఆ వారం రాత్రి ఆట మానేశాం. నడిమి ఎత్తు బాగానే పనిచేసింది, కోర్టు మీద నీళ్లు నిలవలేదు. కానీ జారిన నీళ్లన్నీ బోరు మూలకు చేరి మడుగు కట్టాయి. ఒక కాలువ తీసి, నాలుగంగుళాల పైపుతో వేపల పాదుల్లోకి మళ్లించాం. చెప్పు గుర్తు లోతుగా పడే రోజుల్లో కోర్టు మీదికి ఎవరినీ రానివ్వలేదు. ఆ రోజుల్లో బల్లల మీద అష్టాచెమ్మా, ఓమనగుంటలు నడిచాయి. వాటికి పైసా ఖర్చు లేదు, చింతపిక్కలు ఇళ్లలోంచే వచ్చాయి.

ఖర్చు: 2,300. ఇప్పటిదాకా: 45,700.

ఆరో దశ: బతుకమ్మ తొట్టి (సెప్టెంబర్)

అన్నిటికన్నా కష్టపెట్టిందీ, అన్నిటికన్నా ఇష్టంగా చేసిందీ ఇదే. చెరువు దాకా నడవలేని ముసలమ్మలు, చంటిపిల్లల తల్లులు ఉన్న చోటే పూలను నీళ్లలో వదలాలన్నది కోరిక. 2025లో ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21న, సద్దుల బతుకమ్మ 30న. అంతకు ముందే భాద్రపదంలో ఆడపిల్లలు బొడ్డెమ్మ ఆడుతుంటారు కాబట్టి స్తంభాలు అప్పుడే తీసి బోరు గదిలో పెట్టేశాం.

తొట్టి 15 × 10 అడుగులు, లోతు రెండున్నర. అందులో ఒకటిన్నర అడుగు తవ్వి, ఆ మట్టితోనే చుట్టూ అడుగెత్తు గట్టు కట్టాం. నీళ్లు రెండడుగులకు మించి నింపలేదు. పిల్లలు తిరిగే చోటు కదా, అందుకే చుట్టూ కట్టెలు పాతి తాడు కట్టి, దిగడానికి ఒక్క వైపే దారి వదిలాం.

పట్ట (తొట్టిలో పరిచే షీటు) కొలత: పొడవుకు రెండు పక్కల లోతు, మళ్లీ రెండు పక్కల అడుగున్నర అంచు కలపాలి. 15 + 5 + 3 = 23, 10 + 5 + 3 = 18. బజారులో 24 × 18 దొరుకుతుంది. నీళ్లు 300 ఘనపుటడుగులు, అంటే సుమారు 8,500 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు రెండు చాలు.

మొదటి పట్ట పలచటి నీలం రకం. సాయంత్రం 24 అంగుళాలు నింపితే, గుర్తులు పెట్టిన కర్ర మీద పొద్దుటికి 9 అంగుళాలే ఉంది. పోసిన నీళ్లలో సగానికి పైగా నేల తాగేసింది. పాలమూరులో నీళ్లు అలా పోతుంటే చూడడం ఎవరికైనా కష్టమే. పట్ట ఎత్తి దీపానికి అడ్డం పట్టి చూస్తే అడుగున సూది మొనలంత చిల్లులు. మొరం రాళ్ల పనే అది. ఈలోగా వాన పడి పట్ట కింద నీళ్లు చేరి, ఖాళీ తొట్టిలో అది బుడగలా ఉబ్బింది.

రెండోసారి చేసిన క్రమం:

1. అడుగు, పక్కలు చేత్తో తడిమి రాళ్లు, వేర్లు ఏరేయాలి.
2. రెండంగుళాల సన్న ఇసుక.
3. దాని మీద పాత ఫ్లెక్సీలు. చినిగిన బ్యానర్లకు మన ఊళ్లలో కొదవ లేదు, రెండు పొరలు వేయండి.
4. పైన పొలం కుంటలకు వాడే 500 మైక్రాన్ల నల్ల షీటు.
5. అంచులు గట్టు బయటికి మడిచి ఇసుక సంచులు. గట్టు చుట్టూ జానెడు కాలువ, బయటి వాన నీళ్లు కిందికి రాకుండా.
6. పరిచిన వెంటనే నింపాలి. ఖాళీగా ఉంచితే మళ్లీ ఉబ్బుతుంది.

ఆ తర్వాత రోజుకు అర అంగుళం లోపే తగ్గింది.

మైకు: మొదటి రోజు రెండు పెద్ద బాక్సులు ఎదురెదురుగా పెట్టాం. ఒకదాని శబ్దం ఇంకోదానికి ఆలస్యంగా తోడై, వలయంలో ఒక సగం చప్పట్లు ఒక రకంగా, మిగతా సగం ఇంకో రకంగా పడ్డాయి. పాట అందుకునే ఆమె ఆగిపోయింది. మర్నాటి నుంచి ఒక్క చిన్న బాక్సు నడిమధ్యలో బతుకమ్మల పక్కన, ఒక్క మైకు పాడే మనిషి దగ్గర. అప్పుడే అందరి గొంతులూ వినబడ్డాయి. రికార్డు పాటలు వేయలేదు. పాడేవాళ్లు ఇంతమంది ఉండగా వాటి అవసరం లేదని నా గట్టి అభిప్రాయం.

వలయం: మనిషికి 75 సెంటీమీటర్లు కావాలి. 15 మీటర్ల వలయం చుట్టుకొలత 47 మీటర్లు, అంటే అరవై మందికి సరిపోతుంది. సద్దుల నాడు అంతకు రెట్టింపు వచ్చారు, లోపల ఇంకో వలయం కట్టారు. నాలుగు లైట్లూ వేస్తే బతుకమ్మల మీది దీపాలు కనబడలేదు. ఒక పక్కవి రెండూ ఆర్పేశాం, అందుకే వేర్వేరు స్విచ్చులు అన్నది. ఆ వారం వానలకు తడిసిన చోట్ల ఇసుక చల్లితే జారలేదు.

సద్దుల రాత్రి చిక్కు: తొట్టి పైభాగం 150 చదరపు అడుగులే. ఎంగిలిపూల నాడు సరిపోయింది గానీ సద్దుల నాడు పెద్ద బతుకమ్మలు వరుసగా వచ్చి నిండిపోయాయి. వెనక వచ్చేవారికి జాగా చేయాలని ఇద్దరు కుర్రాళ్లు ముందువాటిని గంపల్లోకి ఎత్తడం మొదలుపెట్టారు. ఒక ముసలమ్మ తన బతుకమ్మను వదిలి ఇంకా వెనక్కి తిరగలేదు. "గప్పుడే తీస్తరా బిడ్డా? జరసేపు నీళ్ల మీద ఉండనియ్యరా?" అంది. ఎత్తడం అప్పుడే మాన్పించాం. నీళ్ల మీద ఒక తాడు అడ్డంగా పట్టుకుని, తేలుతున్నవాటిని మెల్లగా అవతలి కొసకు జరిపి, అక్కడే తెల్లారేదాకా ఉంచాం.

లీకేజీ మీద మేము పెట్టినంత ధ్యాస ఈ ఆకారం మీద పెట్టి ఉండాల్సింది. బతుకమ్మ నీళ్ల మీద మన దగ్గర నుంచి దూరంగా పోవాలి. వెడల్పు తొట్టిలో అది వదిలిన చోటే నిలబడుతుంది. వచ్చే ఏటికి 30 × 6 అడుగుల పొడవాటి తొట్టి గీశాం. నీళ్లు సుమారు 10,200 లీటర్లు, పట్ట 38 × 14. ఒక కొసన వదలడం, రెండో కొసన నిలవడం.

ఖర్చు: తవ్వకం 2,400, మొదటి పట్ట 1,700, నల్ల షీటు 3,900, ఇసుక 1,000, మొదట నింపిన నీళ్లు 1,400, మళ్లీ నింపినవి 1,400, మధ్యలో ఇంకో ట్యాంకర్ 700, కట్టెలు, తాడు 900, మైకు అద్దె 2,000.
ఇప్పటిదాకా: 61,100.

ఏడో దశ: పూలు ఎక్కడికి పోవాలి (అక్టోబర్ నుంచి జనవరి)

పొద్దున్నే ఏరినవి మూడు కుప్పలు: పూలు, ఆకులు ఒకటి, ప్లాస్టిక్ పళ్లేలు, థర్మాకోల్ ఒకటి, దారాలు, అగరుబత్తి పుల్లలు ఒకటి. ఇస్తరాకుల మీద పేర్చినవి నేరుగా మొదటి కుప్పలోకి పోయాయి. వచ్చే ఏడు ఇస్తరాకులు మేమే ముందుగా తెచ్చి పార్కులో పెడతాం.

గునుగుకు అద్దిన రంగులు దిగి నీళ్లు ఊదాగా మారాయి. వాటిని మొక్కలకు పెట్టలేదు. నీళ్లు వాడుకోవాలనుకుంటే ముందే ఇంటింటికీ చెప్పి రంగులు మాన్పించాలి.

పూలను 6 × 4 × 3 అడుగుల గుంతలో పొరలుగా వేశాం: జానెడు పూలు, రెండు వేళ్ల పేడ, గుప్పెడు వేపాకు, పలచగా మట్టి. బంతి, చామంతి తొందరగా కుళ్లాయి. తంగేడు కాడలు, గునుగు కంకులు మొండికేశాయి. తిరగేసినప్పుడు కత్తిరించి వేశాక లొంగాయి. సంక్రాంతి నాటికి నల్లటి ఎరువైంది. దాన్ని పూలమళ్లలో చల్లితే గునుగు మొలకలు కుప్పలుగా లేచాయి, ఆ గింజ గుంత వేడికి చావలేదు. మళ్లన్నీ కలుపు తీయించి, మిగతా ఎరువును తొట్టి వెనక గోడ వారన వేశాం. అక్కడ గునుగు ఎంత మొలిచినా మాకు పనికొచ్చేదే.

అదే వారన తంగేడు కూడా కావాలనుకున్నాం. గుట్టల దగ్గర నుంచి పీకి తెచ్చి పెట్టినవి ఎండిపోయాయి. తంగేడు వేరు సూటిగా లోతుకు పోతుంది, తెగితే నిలవదు. గింజలు ఏరి పెట్టుకున్నాం. పైపెంకు గట్టిది, కాగిన నీళ్లు దించి అందులో రాత్రంతా నానబెట్టి తొలకరికి నేరుగా నేలలోనే వేయాలి. మేకలు దీని జోలికి రావు, కంచె ఖర్చు మిగులుతుంది.

ఖర్చు: పేడ, జాలీ 1,500. మొత్తం: 62,600.
ఇంటికి 500 చొప్పున 130 ఇళ్ల నుంచి వచ్చినవి 65,000. మిగిలినవి 2,400. లెక్క కాగితం బోరు గది తలుపుకు అంటించాం.

వేసవిలోపు చేయాల్సినవి

1. కోర్టు పైన ఒక ట్రాలీ జల్లించిన మట్టి, అరిగిన నడిమి గీత దగ్గర.
2. స్తంభాలకు కొత్త చెక్క చీలికలు. పాతవి తడికి ఉబ్బి పగిలాయి.
3. 13 × 10 మీటర్ల కబడ్డీ కోర్టు దక్షిణం వైపు మిగిలిన 8 మీటర్లలో పట్టదు. అందుకే ఖోఖో కోర్టు మీదనే వేరే రంగు పిండితో గీస్తాం.
4. రెండు రంజన్లు కొనాలి, ఒకటి పగిలింది.
5. పొద్దున ఆట వేళను పాంప్లెట్‌లో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాల్లో వేయించాలి.